పోగు బాపమ్మది, పురి నాది

నా చిన్నప్పుడు నా ఎడమచేతికి పడినన్ని తిట్లు మా వాడలో పాలగిన్నెలో మూతి పెట్టే పిల్లికి కూడా పడి ఉండవు. అన్నం కలపబోతే ఆ చెయ్యే ముందుకు పోయేది. బలపం పట్టబోతే ఆ చెయ్యే. ఎవరైనా బెల్లం ముక్క పెడితే అందుకోవడానికి చాచేదీ ఆ చెయ్యే. మావైపు దాన్ని పుర్రచెయ్యి అంటారు. మా బాపమ్మ, అంటే మేం బాపు అని పిలిచే మా నాన్నను కన్నతల్లి, నేను ఆ చేత్తో ఏం అందించినా తీసుకునేది కాదు. తమలపాకు ఇచ్చినా, చెంబెడు నీళ్ళిచ్చినా తల అటు తిప్పుకుని కూర్చునేది. నేను చెయ్యి మార్చేదాకా ఆ తల ఇటు తిరిగేది కాదు, దాహంతో నాలుక పిడచకట్టుకుపోతున్నా సరే. అంత పంతం మనిషి. ఆ పంతంలో సగం నాకొచ్చిందని మా ఇంట్లో ఇప్పటికీ అంటారు, నేనూ కాదనను.

మాది లక్సెట్టిపేట. ఊరి బయట మాకు కొంచెం నల్లరేగడి ఉండేది, దాంట్లో పత్తి వేసేవాళ్ళం. మా గోడకు గోడ ఆనుకుని ఉన్న ఇల్లు ఖాలమ్మది. ఆమె భర్త దూది ఏకి పరుపులు, మెత్తలు కుట్టే పని చేసేవాడు. తెల్లారితే చాలు వాళ్ళ వాకిట్లో దూదేకే బద్ద టంయ్ టంయ్‌మని మోగేది, ఆ మోతకే మేం లేచేవాళ్ళం. ఖాలమ్మ కనుబొమల మీదా కొంగు మీదా ఎప్పుడూ ఇంత దూది నూగు ఉండేది. వయసులో ఉన్న మనిషే అయినా నా కంటికి తల నెరిసినట్టే కనిపించేది. ఇంట్లో వాళ్ళు ఉర్దూ మాట్లాడుకునేవాళ్ళు, మాతో తెలుగు. ఆ తెలుగులో సగం ఉర్దూయే, అయినా ఆమె మాట అర్థం కానివాళ్ళు మా వాడలో లేరు. మా అవ్వకైతే, అంటే మా అమ్మకైతే, ఆమె తోడబుట్టినదాని కంటే ఎక్కువ.

మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉండేది. ఇంకెవరింట్లోనైనా ఉందో లేదో నాకు తెలియదు. బిడ్డను మొదటిసారి తొట్టెలలో వేసే రోజున నడుముకు మొలతాడు కడతారు కదా, అది మేం కొనేవాళ్ళం కాదు. మా చేని పత్తితో ఇంట్లోనే దారం వడికి, రెండు పోగులు కలిపి పేని, నల్లరంగు వేసి కట్టేవాళ్ళం. ఆ రెండు పోగుల్లో ఒకటి ఇంటి పెద్దావిడ వడకాలి. రెండోది ఆ బిడ్డకు అక్కో, అక్క లేకపోతే మేనత్తో వడకాలి. ఇంట్లోని పెద్ద చెయ్యీ చిన్న చెయ్యీ రెండూ కలిసి బిడ్డను పట్టుకుని ఉంటాయట. మా బాపు మొలతాడులో ఒక పోగు ఆయన అక్కదేనని బాపమ్మ ఎన్నిసార్లు చెప్పిందో, చెప్పినప్పుడల్లా ఆయన సిగ్గుపడి బయటికి పోయేవాడు.

నా తర్వాత మా అవ్వకు ఇద్దరు పుట్టారు. ఇద్దరూ పురిట్లోనే పోయారు. వాళ్ళకు మొలతాడు పేనే పనే పడలేదు. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ నోరు తెరిచి మాట్లాడేవాళ్ళు కాదు కానీ, అవ్వ మళ్ళీ నీళ్ళోసుకుందని తెలిసిన రోజు నుంచి బాపమ్మ ముఖంలో నవ్వు పోయి భయం కూర్చుంది. బల్లి పడ్డా భయమే, పిల్లి ఎదురొచ్చినా భయమే. నాకు మాత్రం ఒకటే సంబరం. నేను అక్కను కాబోతున్నాను, అక్క పోగు నేనే వడకాలి. అంత పెద్ద పని నాకెవరూ అప్పటిదాకా చెప్పలేదు.

వడకాలంటే ముందు తకిలి కావాలి కదా. బాపమ్మ దగ్గర పాత ఇత్తడి తకిలి ఒకటి ఉండేది, దాన్ని నన్ను ముట్టనిచ్చేది కాదు. నేను పోయి ఖాలమ్మ ముందు నిలబడ్డాను. ఆమె నవ్వి, మా పాత కొట్టం మీద నుంచి జారిపడిన గూనపెంక ముక్క ఒకటి ఏరుకు రమ్మంది. దాన్ని వాళ్ళ బట్టలుతికే బండ మీద నీళ్ళూ ఇసుకా వేసి గుండ్రంగా రుద్దమంది. నేను రుద్దాను. చేతులు ఎర్రబడేదాకా రుద్దాను. పెంక కాస్తా రూపాయి బిళ్ళ కంటే కొంచెం పెద్దగా, అంచులు నున్నగా వచ్చింది. నడిమధ్యలో మేకు పెట్టి, మేకును రెండు అరచేతుల మధ్య కవ్వంలా తిప్పుతూ బొక్క చేయాలి. తొందరపడితే పెంక పగిలిపోతుంది. పగిలింది కూడా. మళ్ళీ పెంక ఏరుకొచ్చి మళ్ళీ మొదటి నుంచి రుద్దాను. బాపు పాత గంపలోంచి ఒక వెదురు బద్ద లాగి సన్నగా చెక్కి ఇచ్చాడు. దాని పైకొసన దారం తట్టుకునేందుకు చిన్న గాటు పెట్టి, కిందికొసను పెంక బొక్కలో బిగిస్తే తకిలి అయింది. ఖాలమ్మ దాన్ని బండ మీద నిలబెట్టి గిర్రున తిప్పి చూసింది.

"అరే, గిది కల్లు తాగొచ్చినట్టు ఊగుతున్నది. ఒక దిక్కు బరువున్నది బేటీ, ఇంక జర రుద్దు."

ఇంకా రుద్దాను. ఊగడం ఆగిపోయి, అది నిలబడ్డచోటే నిద్రపోతున్నట్టు తిరిగిన రోజు నేను వాడంతా తిరిగి అందరికీ చూపించుకొచ్చాను. నా మొహం, ఏదో విమానం తయారుచేసినట్టు!

దూదిని ఒక సన్న పుల్లకు చుట్టి, అరచేత్తో పీట మీద దొర్లించి, పుల్ల లాగేస్తే వేలంత మెత్తటి ఏకు వస్తుంది. ఆ ఏకును ఒక చేత్తో పట్టుకుని, కొస దారాన్ని తకిలి గాటుకు తగిలించి, రెండో చేతి బొటనవేలూ చూపుడువేలూ మధ్య తకిలిని చిటికె వేసినట్టు తిప్పి వదలాలి. అది కిందికి వేలాడుతూ తిరుగుతుంటే ఏకులోంచి దూది పీచులు జారి, ఒకదానికొకటి మెలికపడి దారం అవుతాయి. ఆ మెలికనే పురి అంటారు. పురి తక్కువైతే దారం తెగుతుంది, ఎక్కువైతే ముడతలు పడి సుడులు తిరుగుతుంది. ఖాలమ్మ వడుకుతుంటే నేను ఎదురుగా కూర్చుని, ఆమె ఎలా చేస్తే అలా చేసేదాన్ని. అద్దంలో చూసినట్టే చేశాను మరి. ఆమె కుడిచేత్తో తిప్పితే నేను ఎడమచేత్తో తిప్పాను. ఆ చెయ్యి ఈ చెయ్యి అని ఖాలమ్మ ఒక్క మాట అనలేదు. ఆ వాకిట్లో నా చేతికి తిట్లు ఉండేవి కావు, అందుకే నేను ఎక్కువగా అక్కడే ఉండేదాన్ని.

పత్తి ఏరే కాలంలో తమ్ముడు పుట్టాడు. ఎర్రగా, పిడికిళ్ళు బిగించి, ఎవరి మీదో కోపమొచ్చినట్టు పుట్టాడు. బతికాడు. ఆ పూట బాపమ్మ మంత్రసాని కాళ్ళకు దండం పెట్టడం నా కళ్ళారా చూశాను. తర్వాత ఆమె కొత్త పత్తిలోంచి గింజ తీసి, ఖాలమ్మ భర్తతో ఏకించుకొచ్చి, సగం తాను ఉంచుకుని సగం నాకిచ్చింది. నేను అవ్వ మంచం కాళ్ళ దగ్గర కూర్చుని వడికాను. అవ్వ పడుకుని చూస్తూ, దారం సాగినప్పుడల్లా నవ్వేది. ఎంత శ్రద్ధగా వడికానంటే, ఎక్కడా లావూ సన్నం లేకుండా మొదటిసారి వచ్చింది నాకు. పోయి బాపమ్మకు ఇచ్చాను. కుడిచేత్తోనే ఇచ్చాను.

ఆమె అరుగు మీద కూర్చుని తన పోగునూ నా పోగునూ కలిపి తకిలికి తగిలించి పేనడం మొదలుపెట్టింది. నేను పక్కనే కూర్చున్నాను. కాసేపటికి ఆమె చెయ్యి ఆగింది. పేనినదంతా విప్పి మళ్ళీ పేనింది. మళ్ళీ ఆగింది. తాడు తాడులా రావడం లేదు. నా పోగు బిగుసుకుపోయి పందితోకలా సుడులు తిరుగుతోంది, ఆమె పోగు వదులైపోయి దానికి అంటీముట్టనట్టు వేలాడుతోంది. రెండు కొసలూ పట్టి లాగితే ఆమె పోగు దూదిపీచై ఊడి వచ్చింది. ఎన్నో మొలతాళ్ళు పేనిన మనిషి ఆమె, ఇలాంటిది ఎప్పుడూ చూడలేదు. నా వైపు చూసింది, నా ఎడమచేతిని చూసింది.

"గా చేత్తోనే వడికినవా?"

ఔనన్నాను. ఆమె తిట్టలేదు. తిడితే నేనూ ఎదురు మాట్లాడేదాన్ని, అది మాకు రోజూ ఉండేదే. గొంతు తగ్గించి, బతిమాలినట్టుగా అంది.

"వద్దు బిడ్డా. పుర్రచేతి దారం వద్దు వానికి. గీ పొల్లగాడన్న మాకు దక్కాలె."

అంతే. లేచి లోపలికి పోయింది. నా పోగుతో పేనిన ఆ తాడు ముక్క అరుగు మీద పడి ఉంటే తీసి దాచుకున్నాను. ఆ రోజు సాయంత్రం తమ్ముడు పాలు తాగలేదు. కాళ్ళు కడుపులోకి ముడుచుకుని ఒకటే ఏడుపు. బాపమ్మ ఆముదం రాసి, వేడి చేసిన గుడ్డ పొట్ట మీద వేస్తే కాసేపటికి సర్దుకుని నిద్రపోయాడు. పసిపిల్లలకు అలాంటివి రోజుకొకటి వస్తాయని ఇప్పుడు తెలుసు. అప్పుడు నాకెలా తెలుస్తుంది? నా చెయ్యి తగిలిన దారం వాడి కోసం ఇంట్లోకి వచ్చింది, వాడికి నొప్పి వచ్చింది. నాకు ముందు పోయిన ఆ ఇద్దరూ గుర్తొచ్చారు. అప్పుడు కూడా అవ్వ మంచం పక్కన నేను తిరిగాను కదా, ఈ చేత్తోనే ఆమె దుప్పటి సర్దాను కదా అనుకున్నాను. నా చెయ్యే వాళ్ళను తీసుకుపోయిందని గట్టిగా నమ్మేశాను. ఎవరికి చెప్పుకోను?

పోయి తకిలిని కొట్టం వెనక పెంటకుప్ప మీద విసిరేశాను. ఆ పూట నుంచి ఎడమచేతిని చంకలో దాచుకుని తిరిగాను. కుడిచేత్తో అన్నం తిన్నాను. సగం మెతుకులు ఒళ్ళో పడేవి, అయినా తిన్నాను. ఎన్ని దెబ్బలు కొట్టినా రాని మంచి బుద్ధి నాకు దానంతటదే వచ్చిందని బాపమ్మ సంతోషపడింది, పాపం. తమ్ముడు పడుకున్న వైపు నేను పోయేదాన్ని కాదు. గడప దగ్గరే నిలబడి వాడు ఊపిరి తీస్తున్నాడో లేదో పొట్ట వైపు చూసి, వెనక్కి వచ్చేదాన్ని. వాణ్ణి ఎత్తుకోవాలని ఒళ్ళంతా ఆశగా ఉండేది. ఒకరోజు అవ్వ నన్ను పిలిచి, నా జుట్టు నిమురుతూ అడిగింది.

"తమ్ముడు నీకు మంచిగ అనిపిస్తలేడా బిడ్డా? ఒక్కపారన్న ఎత్తుకుంటలేవు."

చెయ్యి చంకలోనే పెట్టుకుని బయటికి పరుగెత్తాను. వెనక అవ్వ కళ్ళు ఒత్తుకుంటోందని తెలుస్తూనే ఉంది.

నన్ను కనిపెట్టింది ఖాలమ్మే. నేను వాళ్ళ వాకిట్లోకి పోవడం మానేశాను కదా, ఏమైందో అనుకుంది. గోడ అవతలి నుంచి చూస్తే నేను ఒంటిచేత్తో బిందె లాగుతున్నాను. ఆ తర్వాత తప్పిపోయిన కోడిని వెతుక్కుంటూ మా కొట్టం వెనక్కి వచ్చిన మనిషికి పెంటకుప్ప మీద నా తకిలి దొరికింది. దాన్ని కడిగి, కొంగుతో తుడిచి, చేత్తో పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"ఏందే బేటీ, గింత కష్టపడి చేస్కున్నవ్. పెంటల ఎందుకు పడ్డది?"

నేను భోరుమన్నాను. వెక్కిళ్ళ మధ్య అంతా చెప్పాను. ఆ పోయిన ఇద్దరి సంగతి కూడా చెప్పాను, అది అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఖాలమ్మ నా పక్కన కూర్చుంది. నా చంకలోంచి ఆ చేతిని లాగింది. వేళ్ళు ఒక్కొక్కటే విప్పి, అరచేతిలో ముద్దు పెట్టుకుంది. ఆ చేతిని ఎవరైనా ముద్దు పెట్టుకోవడం నాకు తెలిసి అదే మొదలు.

"గీ చేతికి ఏం కాలే. గీ చేతితోని ఎవ్వలకు ఏం కాలే. ఫికర్ జెయ్యకు" అని, బాపమ్మ పేనిన ఆ పాడైపోయిన తాడు ముక్క ఉంటే తెచ్చివ్వమంది.

అది నా దగ్గరే ఉంది. ఇచ్చాను. ఆమె రెండు పోగులూ విడదీసి వెలుగుకు ఎత్తి చూసింది. నాది ఇటు, బాపమ్మది అటు వేళ్ళతో విప్పి చూసింది. చూసి తనలో తను నవ్వుకుంది. సంగతి ఏమిటని నేను అడిగితే, జర ఆగమంది. "చెప్తే ఇనే మనిషి కాదు మీ బాపమ్మ. చూస్తే ఇంటది" అంది.

మర్నాడు మధ్యాహ్నం ఖాలమ్మ మా అరుగు మీదికి వచ్చింది, చేతిలో తాను వడికిన దారపు ఉండ పట్టుకుని. వాళ్ళాయన పైజామాకు నాడ కావాలనీ, తను పేనితే రెండు రోజులకే తెగుతోందనీ, బాపమ్మ చేతి తాడంటే వాడలో అందరికీ గురి అనీ మొదలుపెట్టింది. పొగిడితే పొంగిపోని మనిషి ఎవరున్నారు? బాపమ్మ ఆ ఇత్తడి తకిలి తెచ్చుకుని, ముక్కు ఎగబీల్చి, "నీకెందుకొస్తది పేనుడు, తే ఇటు" అని కూర్చుంది. నేను గుమ్మం వెనక ఉన్నాను. ఖాలమ్మ ఆ మాటా ఈ మాటా చెబుతూ, పత్తి ధర గురించి, గోదారి పోటు గురించి అడుగుతూ ఆమెను మాటల్లో పెట్టింది. బాపమ్మ రెండు పోగులూ కాలి బొటనవేలికి తగిలించుకుని, తకిలి వేలాడదీసి, మాట్లాడుతూనే చకచకా పేనుతోంది.

"పెద్దమ్మా, జర ఆగు" అంది ఖాలమ్మ ఉన్నట్టుండి. "గట్లనే ఉండు, కదలకు. ఏ చేత్తోని తిప్పుతున్నవో చూస్కో."

బాపమ్మ చూసుకుంది. తకిలి ఆమె ఎడమచేతిలో ఉంది.

నేను గుమ్మం వెనక నుంచి అది చూసి నోరు తెరిచాను. బాపమ్మ తకిలి వంకా తన చేతి వంకా కాసేపు చూసింది. పేనేటప్పుడు ఆ చెయ్యే వాటంగా ఉంటుందని గొణిగింది.

"మరి వడికేటప్పుడో?"

"వడికేటప్పుడు కుడిచెయ్యే. వాళ్ళూ వీళ్ళూ అందరు అంతే కద."

"అంతే పెద్దమ్మా. నేను గుడ అంతే. గా చెయ్యి ఎక్కిచ్చిన పురిని గీ చెయ్యి ఉల్టా తిప్పితేనే తాడు నిలుస్తది. రెండు పార్లు ఒక్క దిక్కే తిప్పితే సుట్టలు సుట్టుకపోతది గని తాడు కాదు. నీ మనుమరాలు దారం ఖరాబ్ చెయ్యలే. దాని చెయ్యి రెండో పనికి పుట్టింది, మనం మొదటి పనిల పెట్టినం. గంతే."

బాపమ్మ తకిలి కింద పెట్టింది. ఎడమచేతిని ఒళ్ళో పెట్టుకుని, ఎవరో చుట్టం వచ్చి కూర్చున్నట్టు దాన్నే చూస్తూ ఉంది. తర్వాత ఒక్కసారిగా నవ్వింది. "ముసల్దాన్నయిన. నా చెయ్యి నేనే చూస్కోకపోతిని, చూసినవా" అని ఖాలమ్మ తొడ మీద చరిచింది. నన్ను కేకేసి పిలిచి, పెట్టెలోంచి తాను వడికి దాచిన పోగు తీసి రెండు పాయలు చేసి, "తీస్కో పోరీ. నీ చేత్తోనే పేను" అంది.

నేను వెనక్కి జరిగాను. వద్దన్నాను. నా చెయ్యి తగిలితే తమ్ముడికి ఏమన్నా అయితదని చెప్పాను. బాపమ్మ ముఖం మాడిపోయింది.

"ఎవరన్నరే గా మాట?"

"నువ్వే అన్నవ్" అన్నాను.

ఆమె అన్నది దారం వద్దని మాత్రమే. నాకు వినపడింది వేరు. అది ఆమెకు ఆ క్షణంలో అర్థమైంది. నా చేతులు రెండూ పట్టి దగ్గరికి లాక్కుని, "నా నోరు పడిపోను! నేను నా భయంతోని అన్న బిడ్డా, నీ మీద కాదు" అంటూ ఏడ్చింది. పంతం పట్టి కూర్చునే ఆ మనిషి ఏడవడం నేను చూడటం అదే మొదలు. నేనూ ఏడ్చాను. ఖాలమ్మ అటు తిరిగి కొంగుతో కళ్ళు తుడుచుకుని, నాడ పేనుతారా లేక సాయంత్రందాకా ఏడుస్తారా అని మమ్మల్ని కసిరింది.

కడిగిన నా పెంక తకిలి ఖాలమ్మ నడుముకు దోపుకుని తెచ్చింది. దానితోనే పేనాను. నా ఎడమచేతి చిటికెకు తకిలి గిర్రున తిరిగింది. రెండు పోగులూ ఒకదాని మీద ఒకటి వాలి, సర్దుకుని, బిగిశాయి. ఎక్కడా ముడత లేదు. వదిలితే సుడి తిరగకుండా తిన్నగా వేలాడింది. బాపమ్మ దాన్ని రెండు చేతులా పట్టి బలంగా గుంజింది, పంటితో కూడా లాగి చూసింది. తెగలేదు. అప్పుడంది, "పోగు నాది, పురి నీది. ఇద్దరం ఉన్నం, ఇగ చాలు" అని. ఆనవాయితీ ఆ పూటకు కొంచెం మారింది, దాన్ని మార్చింది కూడా దాన్ని అంటిపెట్టుకుని ఉన్న మనిషే.

తొట్టెలలో వేసే రోజున వాడ ఆడవాళ్ళంతా వచ్చారు. పాటలు పాడుతున్నారు. బాపమ్మ తమ్ముణ్ణి తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. వాడు వెచ్చగా, పాలవాసనతో, అనుకున్నదాని కంటే బరువుగా ఉన్నాడు. నల్లరంగు వేసి ఆరబెట్టిన తాడును వాడి నడుముకు చుట్టి ముడి వేశాను. ఏ చేత్తో వేశానో నాకు గుర్తులేదు, రెండూ వాడే ఉంటాను. వాడు నా పొట్టలో కాలితో తన్నాడు. అవ్వ మంచం మీద నుంచి నా వైపు చూసి నవ్వింది, ఆ నవ్వు ఇప్పటికీ నాతోనే ఉంది. అందరూ పోయాక బాపమ్మ అలసిపోయి అరుగు మీద చతికిలబడి నీళ్ళు అడిగింది. నేను అలవాటున ఎడమచేత్తోనే చెంబు తీసుకుపోయి, గుర్తొచ్చి, చెయ్యి మార్చబోయాను. ఆమె మార్చనివ్వలేదు. ఆ చేతిలోంచే చెంబు లాక్కుని గటగటా తాగేసింది.

ఖాలమ్మ వాళ్ళు తర్వాత పని కోసం ఆసిఫాబాద్ వెళ్ళిపోయారు. రాకపోకలు మాత్రం ఆగలేదు. ఆమె మనవలకూ మనవరాళ్ళకూ తావీజు కట్టే నల్లదారం నేనే పేని పంపేదాన్ని. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. బాపమ్మ అంతకు ముందే పోయింది. బాపమ్మ పోయాక పోగు వడికేవాళ్ళు లేరు కదా, అందుకని పంతం పట్టి కుడిచేత్తో వడకడం నేర్చుకున్నాను. ఎంతమంది కొట్టినా నేర్చుకోనిదాన్ని! అప్పటి నుంచీ పోగు తీసేటప్పుడు కుడిచెయ్యి, అది బాపమ్మ చెయ్యి అనుకుంటాను. పేనేటప్పుడు ఎడమచెయ్యి, అది నాది.

ఆ ఏడుపుగొట్టు పిల్లాడు పెద్దవాడై, దుబాయిలో ఏళ్ళకేళ్ళు పనిచేసి, వచ్చినప్పుడల్లా కొత్త మొలతాడు పేనించుకుని పోయేవాడు. ఇప్పుడు తాత అయ్యాడు, బట్టతల కూడా వచ్చింది. ఈమధ్య వాడికి కరీంనగర్‌లో కడుపు ఆపరేషన్ చేశారు. లోపలికి తీసుకుపోయే ముందు నర్సమ్మ మొలతాడు కత్తిరించి తీసేసిందట, అది వాళ్ళ పద్ధతి. మత్తు దిగీ దిగకముందే వీడు నడుము తడుముకుని, భార్యనూ కాదు, పిల్లలనూ కాదు, నన్ను పిలిచాడు.

"అక్కా, నా తాడు తీసేసిండ్రే."

అంత మనిషి, ముక్కులో గొట్టంతో, చిన్నపిల్లాడిలా. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పరేషాన్ కావద్దని చెప్పి ఇంటికి వచ్చాను. దీపం వత్తులకని కొని పెట్టుకున్న దూది ఉంటే తీసి ఏకు చేసుకున్నాను. ఆ పెంక తకిలి ఇంకా నా దగ్గరే ఉంది. వెదురు పుల్ల ఎన్నిసార్లు మార్చానో చెప్పలేను కానీ, పెంక మాత్రం అప్పుడు బండ మీద రుద్దినదే. నా వేళ్ళు ఇప్పుడు వణుకుతున్నాయి. పోగు రెండు మూడుచోట్ల తెగితే అతికాను. తాడు మాత్రం తిన్నగానే వచ్చింది.

కుట్లు ఎండాక డాక్టరును అడిగి, మంచం దగ్గర కూర్చుని వాడి నడుముకు కట్టాను. వాడు చిన్నప్పటిలాగే కాలు కదిపాడు, నేను తిట్టాను. ముడి వేసేటప్పుడల్లా నాకు ఖాలమ్మ గుర్తొస్తుంది, కనుబొమల మీద దూది నూగుతో, కడిగిన తకిలి చేత పట్టుకుని. ఆ రోజు ఆమె రాకపోయి ఉంటే, నేను నా తమ్ముణ్ణి ఎత్తుకునేదాన్నే కాదు.